ఆరేళ్లుగా డిక్కీలో ఉన్న గాలి పంపు: నా అనుభవం

దారిలో టైరు పంక్చరైతే పనికొస్తుందని ఈ గాలి పంపు కొన్నాను. ఆరేళ్లలో అలా వాడింది నాలుగు సార్లే. ఇంటి ముందు, తెల్లవారుజామున, ప్రయాణానికి బయలుదేరే ముందు వాడినవి మాత్రం వందకు పైనే ఉంటాయి. దీని అసలు విలువ అక్కడే ఉందని గ్రహించడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఇది కారులోని 12 వోల్టుల సాకెట్‌తో నడిచే రకం. సొంత బ్యాటరీ ఉన్న చిన్న పంపులూ దొరుకుతాయి కానీ, నెలల తరబడి డిక్కీలో పడి ఉండే వస్తువుకు చార్జింగ్ ఉందో లేదోనన్న బెంగ నాకు వద్దు. తీగ మాత్రం పొడవుగా ఉండాలి. నాది వెనక టైరు దాకా అందీ అందనట్టు వస్తుంది, లాగి పట్టుకోవాల్సి వస్తుంది. కొనేవాళ్లు అన్నిటికంటే ముందు ఇది చూసుకోండి. ఇంజను నడుస్తుండగానే వాడతాను, లేకపోతే కారు బ్యాటరీ మీద భారం పడుతుంది. మూసి ఉన్న గ్యారేజీలో అలా చేయకూడదు, పొగ ప్రాణం తీస్తుంది.

24 పీఎస్‌ఐకి (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) పడిపోయిన టైరును 33కి తేవడానికి నా పంపుకు నాలుగు నిమిషాలు పడుతుంది. పది నిమిషాలకు మించి ఆపకుండా నడపవద్దని దానిమీదే రాసి ఉంది. ఒకసారి తొందరలో నాలుగు టైర్లకూ వరసగా కొట్టి, వాల్వు మీది ఇత్తడి బిగింపును విప్పబోతే వేళ్లు చురుక్కుమన్నాయి. దీని మీటరు రెండు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. గొట్టం విప్పేటప్పుడు బుస్సుమంటూ ఇంకొకటి పోతుంది. అందుకే 36 చూపించేదాకా కొట్టి, విడిగా కొన్న మీటరుతో సరిచూస్తాను.

ఎంత గాలి ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి చీటీ మీద ఉంటుంది. టైరు పక్క గోడ మీద ముద్రించిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పరిమితి. దాన్ని చూసి గాలి నింపేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. కొలత చల్లటి టైరుతోనే తీసుకోవాలి. కాసేపు పరుగెత్తిన టైరులో నాలుగైదు పీఎస్‌ఐ పెరగడం మామూలే, అది చూసి గాలి తీసేయకూడదు. బయటి వేడి పది డిగ్రీల సెల్సియస్ తగ్గితే టైరులో దాదాపు రెండు పీఎస్‌ఐ తగ్గుతుంది. చలికాలం మొదట్లో నాలుగు టైర్లూ ఒకేలా తగ్గితే కంగారు పడనక్కర్లేదు.

ఒక్క టైరే తగ్గుతుంటే మాత్రం కారణం వెతకాలి. నా కారు కుడి వెనక టైరు వారానికి మూడు పీఎస్‌ఐ పోగొట్టుకుంటూ వచ్చింది. రోజూ కొలవకపోతే కంటికి తెలిసేది కాదు. సబ్బు నీళ్లు రాస్తే వాల్వు మొదట్లో ఆవగింజలంత బుడగలు ఒకదాని వెంట ఒకటి లేచాయి. రబ్బరు పగిలింది. రెండు రోజుల్లో దూర ప్రయాణం పెట్టుకున్నాం, పిల్లలు కూడా వస్తున్నారు. ఆ బుడగలు నాకు ఇప్పటికీ గుర్తే.

ఇక దారిలో పంక్చరైన రాత్రి. వాన, మలుపు, బండ్లు దూసుకుపోయే వైపు టైరులో మేకు. దారిలో ఆగిపోయిన కార్లకు మెకానిక్‌ను పంపే సహాయ సేవకు ఫోను చేస్తే ముప్పావు గంట అన్నారు. మేం ఎక్కడ ఉన్నామో చెప్పడమే కష్టమైంది. వాళ్లు చిరునామా అడుగుతారు, మాకు తెలిసింది కిలోమీటరు రాయి మీది అంకె ఒక్కటే. గంట దాటినా ఎవరూ రాలేదు. ఆ వైపు కూర్చుని చక్రం విప్పడం ప్రాణాలతో చెలగాటం. మేకు పీకకుండా అలాగే ఉంచి గాలి కొట్టి, నెమ్మదిగా వెళ్లి, మధ్యలో ఆగి మళ్లీ కొట్టి, దీపాలున్న పెట్రోలు బంకు చేరాం. ఆ రోజు ఈ పంపు మా అమ్మను రోడ్డు పక్కన తడవకుండా కాపాడింది.

సహాయ సేవ దండగని నేను అనను. మరోసారి గుంతలో పడి టైరు పక్క గోడ చీలింది. అలాంటి చీలికకు మరమ్మతు లేదు, కొట్టిన గాలి కొట్టినట్టే పోయింది. నట్లు తీసినా చక్రం ఊడి రాలేదు, తుప్పుతో హబ్బుకు, అంటే చక్రాన్ని బిగించే లోపలి భాగానికి, అతుక్కుపోయింది. అప్పుడు వచ్చిన మెకానిక్ కారును జాకీ మీద నుంచి దించి, నట్లు వదులుగా తిరిగి పెట్టి, రెండడుగులు ముందుకూ వెనక్కూ కదిపాడు. టక్కుమని వదిలింది. స్టెప్నీ వేశాక నట్లను వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, వంద కిలోమీటర్ల లోపు మరోసారి బిగించుకోమన్నాడు. నాది సన్నటి తాత్కాలిక స్టెప్నీ. దానికి 60 పీఎస్‌ఐ ఉండాలి, 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఆ రోజు అందులో గాలి సరిగ్గా ఉందంటే నెలకోసారి ఈ పంపుతో నింపడం వల్లే.

లోపాలు: మోత ఎక్కువ, దీపం గుడ్డిది, పెట్టిన అంకె దగ్గర తనంతట తాను ఆగదు. నాలుగో ఏట గొట్టం వంపు దగ్గర చీలితే కత్తిరించి క్లిప్పు వేయించాను. ఇప్పుడు అక్కడే మళ్లీ చీలుతోంది. ఈసారి కొత్తది కొంటాను. తీగ రకమే, కానీ వెనక టైరు దాకా తీరుబడిగా అందేది, తనంతట తాను ఆగేది.