కాంటెస్టుకి అనంతగిరి కొండా, పొలం గెస్ట్‌హౌసా?

హ్యాములు, అంటే సరదాకి సొంత రేడియో స్టేషన్ నడిపేవాళ్లు, ప్రపంచమంతటా ఉన్న స్టేషన్లతో మాట్లాడి పాయింట్లు కొట్టే సీక్యూ వరల్డ్‌వైడ్ ఎస్‌ఎస్‌బీ కాంటెస్టు అక్టోబరు చివరి శని, ఆదివారాల్లో వస్తుంది. మన టైములో శనివారం పొద్దున 5:30కి మొదలై 48 గంటలు నడుస్తుంది. హైదరాబాద్ అపార్టుమెంట్లలో ఇన్వర్టర్లూ ఎల్‌ఈడీలూ కలిసి 20 మీటర్ల బ్యాండు (14 మెగాహెర్ట్జ్ షార్ట్‌వేవ్) మీద, సిగ్నల్ మీటరు ఎస్7 చూపించేదాకా రేడియోలో గోల చేస్తాయి కాబట్టి హ్యాములు వికారాబాద్ దారి పడతారు.

అందరికీ ముందు గుర్తొచ్చేది అనంతగిరి. ఎత్తుంది, చెట్లున్నాయి, సిటీకి 80 కిలోమీటర్లలోపే. కానీ వీకెండ్‌లో కొండమీద రిసార్టుల నిండా జనం, తోటంతా సీరియల్ లైట్లు. కరెంటు పోతే జనరేటరు. ఇంటిల్లిపాదితో వెళ్లడానికి బాగుంటుంది గానీ, కాంటెస్టుకి పనికిరాదు.

పరిగి వైపు ఊరికి దూరంగా ఉన్న పొలం గెస్ట్‌హౌస్ నయం. అడ్వాన్సు ఇచ్చేముందు రాత్రిపూట లైట్లన్నీ వేయించి, బ్యాటరీ షార్ట్‌వేవ్ రేడియో పట్టుకుని చుట్టూ ఒకసారి నడవండి. సెకనుకోసారి టక్‌మంటే సోలార్ కంచె. అడవిపందుల భయానికి దాన్ని రాత్రిపూట ఎవరూ ఆపరు, కాబట్టి ఆ చోటు వదిలేయడమే. ఎడతెరిపి లేకుండా చిటపటమంటే పక్కన 33 కేవీ లైను ఇన్సులేటరు పాడైనట్టు.

20 మీటర్ల బ్యాండుకి డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించే అడ్డతీగ యాంటెనా) చాలు: మొత్తం 33 అడుగుల వైరు, అంతే ఎత్తులో. దాన్ని ఈశాన్యం నుంచి నైరుతికి లాగాలి. అప్పుడు వాయవ్యాన యూరప్, ఆగ్నేయాన ఇండోనేషియా, ఆస్ట్రేలియా తగులుతాయి. ఇవన్నీ వేరే ఖండాలు, ఒక్కో క్యూఎస్‌ఓకి (ఒక స్టేషన్‌తో మాట కలిపితే) 3 పాయింట్లు. జపాన్ మన ఖండమే కాబట్టి వాళ్లు ఎంత గట్టిగా వినిపించినా 1 పాయింటే. వర్టికల్ (నిలువు యాంటెనా) జోలికి పోకండి. రాతినేలలో మేకు దిగదు, రేడియల్స్ (దాని మొదట్లోంచి నేలమీద పరిచే తీగలు) బోలెడు పరిస్తే తప్ప అది సరిగా పలకదు.

ఎక్కువమంది దెబ్బతినేది పవర్ దగ్గరే. 100 వాట్ల రిగ్గు (మాట్లాడే రేడియో సెట్టు) పీక్‌లో 20 ఆంపియర్లు లాగుతుంది. 3 మీటర్ల దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే రానూపోనూ 1.4 వోల్టులు వైర్లోనే పోతాయి. బ్యాటరీ నిండుగా ఉన్నా మాట చీలిపోతుంది, ఒక్కోసారి రిగ్గు ఆగిపోతుంది. 6 చదరపు మిల్లీమీటర్లదైతే 0.4 దాటదు. 100 ఆంపియర్-అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు పెట్టుకుంటే ఒకటి వాడుతుండగా రెండోది ఛార్జింగులో ఉంటుంది. ఛార్జరు పక్కగదిలో పెట్టండి, అది చేసే గోల కూడా తక్కువేం కాదు.

యాంటెనా కేబుల్‌కి పెట్టే పీఎల్-259 కనెక్టర్లు, ఫ్యూజులు, వైర్లలో గోల తగ్గించే ఫెర్రైట్ రింగులు కోఠి గుజరాతీ గల్లీలోనే కొనుక్కోండి, ఊళ్లో దొరకవు. భోజనం మాత్రం వాచ్‌మన్ ఇంటివాళ్లు వండిపెడతారు. జొన్నరొట్టె కావాలంటే ముందురోజే చెప్పాలి.