లేజర్ ప్రింటింగా, ఫ్రిక్షన్ స్టిరా, వైర్ ఆర్కా? బెజవాడలో పీహెచ్‌డీ మొదలుపెట్టేవాళ్ళకు ఏది మేలు?

బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల్లో పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ల సీజన్ వచ్చిందంటే మెకానికల్ డిపార్ట్‌మెంట్లలో ఒకటే మాట: "సార్, టాపిక్ ఏం తీసుకోమంటారు?" కానూరులో అడిగినా, వడ్డేశ్వరంలో అడిగినా, అటు వడ్లమూడి, చౌడవరం వెళ్ళి అడిగినా తిరిగి తిరిగి వచ్చే పేర్లు నాలుగే. స్టిర్ కాస్టింగ్ కాంపోజిట్లు, ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్, లేజర్‌తో మెటల్ త్రీడీ ప్రింటింగ్, ఈమధ్య కొత్తగా వైర్ ఆర్క్ ప్రింటింగ్. దేనికి స్కోప్ ఎక్కువ అన్న లెక్కలు చాలామంది వేస్తారు. నేను చూసే లెక్క ఒకటుంది. మంగళవారం సాయంత్రం శాంపిల్ పాడైతే బుధవారం పొద్దున్నే ఇంకోటి చేయగలరా లేదా? మొదటి రెండేళ్ళూ దీనిమీదే నడుస్తాయి.

స్టిర్ కాస్టింగ్ సంగతి త్వరగా తేల్చేద్దాం. కరిగిన లోహంలో గట్టి రేణువులు కలిపి పోయడమే ఇది. చవక, ఎక్కడైనా అవుతుంది. ఒక ఫర్నేసు, గ్రాఫైట్ మూస, మోటారుకు తగిలించిన కలిపే కడ్డీ ఉంటే చాలు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పుణ్యమా అని ఫ్లై యాష్‌కు, అంటే బొగ్గు బూడిదకు, కొదవలేదు, అల్యూమినియంలో కలిపి "వ్యర్థం నుంచి పదార్థం" అని పేరు పెట్టుకోవచ్చు. చిక్కల్లా ఈ దారిలో ఇప్పటికే జనం కిక్కిరిసి ఉండటమే. 6061 రకం అల్యూమినియంలో మూడు శాతం, ఆరు శాతం, తొమ్మిది శాతం బూడిద, గట్టిదనం పెరిగింది, సాగుడు తగ్గింది, థీసిస్ అయిపోయింది. బూడిద రేణువులను కరిగిన అల్యూమినియం సరిగా తడపదు, అందుకే మెగ్నీషియం వేస్తారు. అయినా రేణువులు గుంపులు కడతాయి, గాలి బుడగలు మిగులుతాయి. ఎక్కువసేపు వేడిలో ఉంచితే బూడిదలోని సిలికా అల్యూమినియంతో చర్య జరిపి అల్యూమినాగా మారి, సిలికాన్‌ను లోహంలోకి వదులుతుంది. నిజంగా పనికొచ్చే ప్రశ్నలు ఈ చర్య దగ్గరే ఉన్నాయి. దాని జోలికి పోకుండా శాతాలు మార్చుకుంటూ పోయేవాళ్ళే ఎక్కువ. అలాగైతే నా సలహా వద్దనే.

ఇక లేజర్. లోహపు పొడిని పలుచగా పరిచి, లేజర్‌తో కరిగిస్తూ పొర మీద పొరగా ముక్కను లేపుతారు. అందరి కళ్ళూ దీనిమీదే, కారణం లేకపోలేదు. 2024 మే 9న ఇస్రో పీఎస్ఎల్‌వీ నాలుగో అంచెలో వాడే పీఎస్4 ఇంజన్‌ను ఈ పద్ధతిలో చేయించి 665 సెకన్లు మండించి చూసింది. పాత డిజైన్‌లో 14 భాగాలు, వాటిని కలపడానికి 19 వెల్డింగ్ అతుకులు. కొత్తది ఒకే ముక్క. మునుపు ఒక ఇంజన్‌కు ఫోర్జింగులూ రేకులూ కలిపి 565 కిలోల లోహం పట్టేది, ఇప్పుడు 13.7 కిలోల పొడి సరిపోయింది. ఈ అంకెలు చదివాక కుర్రాళ్ళు తీగను కరెంటు ఆర్క్‌తో కరిగించి అతికే మిగ్ వెల్డింగ్ వైపు చూడరంటే తప్పు పట్టలేం. లోపల చల్లబరిచే సన్న కాలువలు, జల్లెడలాంటి జాలీలు, సన్న గోడలు కావాలంటే లేజర్‌కు పోటీ లేదు. వైర్ ఆర్క్ ఆ ఛాయలకు కూడా రాదు.

కానీ ఆ యంత్రం ఎక్కడుంది? పారిశ్రామిక స్థాయిదైతే ధర కోట్లలో. కొన్నాక కూడా ఆర్గాన్ సిలిండర్లు ఆగకుండా కావాలి, పొడి ప్రతిసారీ జల్లించాలి. టైటేనియం, అల్యూమినియం పొడులకు నిప్పంటుకునే గుణం ఉంది కాబట్టి ప్రత్యేక గది, శిక్షణ పొందిన మనిషి కావాలి. పొడి రేణువులు సుమారు 15 నుంచి 45 మైక్రాన్లు ఉంటాయి. కృష్ణ ఒడ్డున ఆగస్టు గాలిలో అల్యూమినియం పొడి డబ్బా మూత తీసి పెడితే తేమ పీల్చుకుంటుంది, ఆ తేమలోని హైడ్రోజన్ ముద్రించిన ముక్కలో రంధ్రాలై తేలుతుంది. ఇవన్నీ కాలేజీలు భరించలేవు గనుక మన వాళ్ళు చేసేది జాబ్ వర్క్. హైదరాబాద్‌కో బెంగళూరుకో ఫైలు పంపుతారు, మూడు వారాలకు ముక్కలు పార్సిల్‌లో వస్తాయి. లేజర్ పవర్, స్కాన్ వేగం, పొర మందం మార్చి చూస్తామంటే చాలాచోట్ల ఒప్పుకోరు. వాళ్ళ యంత్రం, వాళ్ళ సెట్టింగ్, వాళ్ళ భయం వాళ్ళది. చివరికి మీ చేతిలో మిగిలేది ఎవరో చేసిన ముక్కను కోసి, పాలిష్ పట్టి, ఫోటో తీయడం. అదీ పరిశోధనే, కాదనను. కాకపోతే ఆ ముక్క అలా ఎందుకు తయారైందని వైవాలో అడిగితే జవాబు మీ దగ్గర ఉండదు, ప్రింట్ చేసినవాళ్ళ దగ్గర ఉంటుంది.

ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ ఈ రెంటికీ మధ్యస్థం. 1991లో ఇంగ్లండ్‌లోని టీడబ్ల్యూఐ సంస్థలో పుట్టింది. తిరిగే పనిముట్టును రెండు పలకల మధ్య దింపి, లోహాన్ని కరిగించకుండానే మెత్తబరిచి కలిపేస్తుంది. ఫాల్కన్ 9 రాకెట్ ట్యాంకులు, జపాన్ షింకాన్‌సెన్ పెట్టెలు, ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ ట్రేలు దీంతోనే అతుకుతున్నారు. మన వైపు కాలేజీల్లో దీనికి ఆదరణ ఉన్నది వర్క్‌షాపులోని పాత వర్టికల్ మిల్లింగ్ మిషన్ పనికొస్తుందని. వేడికి తట్టుకునే హెచ్13 టూల్ స్టీలు కడ్డీ తెచ్చి, ఆటోనగర్‌లో లేత్ మీద పనిముట్టు తిప్పించి, హీట్ ట్రీట్‌మెంట్ చేయిస్తే సరిపోతుంది. ఆరు మిల్లీమీటర్ల పలకకు పైన ఒరుసుకునే 18 మిల్లీమీటర్ల భుజం, లోపలికి దిగే, పలక మందం కంటే కొంచెం పొట్టి పిన్ను, రెండు డిగ్రీల వాలు. ఒక పూటలో పది అతుకులు వేయొచ్చు.

దీని మోసం కంటికి కనపడదు. పైన అతుకు నున్నగా, అర్ధచంద్రాల గీతలతో ముచ్చటగా ఉంటుంది. అడ్డంగా కోస్తే లోపల సొరంగంలా బొరియ, సాధారణంగా పనిముట్టు తిరిగే దిశా ముందుకు నడిచే దిశా ఒకటైన వైపున. మిల్లింగ్ మిషన్ కిందికి ఎంత లోతు దిగాలో పట్టుకోగలదు కానీ ఎంత బలంతో నొక్కాలో పట్టుకోలేదు. పలక కాస్త ఎత్తుపల్లాలుగా ఉంటే ఒత్తిడి మారిపోతుంది. పైగా ఆ స్పిండిల్ బేరింగులు కిందికి నొక్కే ఇంత భారానికి చేసినవి కావు. ఏడాది నడిపాక వర్క్‌షాపు ఇన్‌ఛార్జి మొహం చూస్తే తెలుస్తుంది. అయినా స్టిర్ కాస్టింగ్ కన్నా ఇది పదింతలు నయం. కోసి చూస్తే తప్పు దొరుకుతుంది, మర్నాడే సరిచేసుకోవచ్చు.

నా మొగ్గు మాత్రం వైర్ ఆర్క్ వైపు. మిగ్ వెల్డింగ్ తీగతో పొర మీద పొర పోసి ముక్కను లేపడమే ఈ పద్ధతి. ఇదేదో గరీబు త్రీడీ ప్రింటింగ్ అని కొట్టిపారేసేవాళ్ళకు రెండు ఉదాహరణలు. 2017లో రోటర్‌డామ్‌లో 298 పొరలతో నికెల్ అల్యూమినియం కంచు ఓడ ప్రొపెల్లర్ పోశారు. 2021 జులైలో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాలువ మీద ఇలాగే పోసిన 12 మీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ నడక వంతెన తెరిచారు.

వేగం లెక్క చూడండి. 1.2 మిల్లీమీటర్ల స్టీలు తీగ నిమిషానికి 5 మీటర్లు నడిస్తే గంటకు రెండున్నర కిలోల పైనే లోహం పడుతుంది. 150 మిల్లీమీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల ఎత్తు గోడ కావాలనుకుందాం. పొరకు రెండు మిల్లీమీటర్లు లేస్తే 50 పొరలు. టార్చి సెకనుకు 5 మిల్లీమీటర్లు కదిలితే ఆర్క్ వెలిగేది మొత్తం 25 నిమిషాలు. మిగతా సమయం పొరకూ పొరకూ మధ్య చల్లారనివ్వడానికి. మధ్యాహ్నం భోజనం చేసి మొదలుపెడితే సాయంత్రం కాఫీకి గోడ రెడీ. తీగ కిలో పైచిలుకు పడుతుంది, 15 కిలోల చుట్ట ఒకటి కొంటే పదీ పన్నెండు గోడలు. అదే ఎత్తు లేజర్‌తో 40 మైక్రాన్ల పొరలతో లేపాలంటే 2500 పొరలు. పొరకు 10 సెకన్లనుకున్నా పొడి పరవడానికే ఏడు గంటలు పోతాయి. వైర్ ఆర్క్‌లో అంచులు ఎగుడుదిగుడుగా వస్తాయి, రెండు వైపులా మిల్లింగ్ చేసి తీరాలి. అది ఒప్పుకుని దిగాలి.

మొదటి గోడ ఎవరికీ తిన్నగా రాదు. ఆర్క్ అంటుకునే చోట లోహం గుట్ట పడుతుంది, ఆపే చోట జారిపోతుంది. ఎప్పుడూ ఒకే వైపు నుంచి మొదలుపెడితే ఇరవయ్యో పొరకల్లా గోడ ఒక కొస ఎత్తు, ఒక కొస పల్లం. పొర పొరకూ దిశ మారిస్తే సగం తగ్గుతుంది. చల్లారకముందే తర్వాతి పొర వేస్తే గోడ పైకి లేవకుండా వెడల్పవుతుంది, అందుకే ముందు పొర 150 డిగ్రీలకు దిగేదాకా ఆగడం మంచిది. కింద ప్లేటు అప్పడంలా పైకి వంగుతుంది. దీనికి మందు ఏ పేపర్లోనో చదివింది కాదు, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రి చెప్పాడు: "ముందే ఎదురు వంపు ఇచ్చి టాక్ వేయండి సార్, పనయ్యాక తిన్నగా వస్తుంది." వచ్చింది కూడా. ఆ వంపు ఎంత ఇవ్వాలో వేడి లెక్కతో ముందే చెప్పగలిగితే ఒక మంచి పేపరు.

ఖర్చుకు సరిపడా ఏర్పాటు ఇక్కడే దొరుకుతుంది. పాత సీఎన్‌సీ రూటర్‌కో మిల్లింగ్ తలకో టార్చి బిగిస్తే పని నడుస్తుంది. ఒక్క జాగ్రత్త మరవొద్దు: బేస్ ప్లేటును మిషన్ బెడ్ నుంచి ఇన్సులేట్ చేసి, ఎర్త్ క్లాంపు నేరుగా ప్లేటుకే పెట్టాలి. లేకపోతే వెల్డింగ్ కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది. స్టీలుతో మొదలుపెట్టండి, అల్యూమినియం మామూలు మిగ్‌తో తొందరగా లొంగదు.

ప్రశ్నలు వెతుక్కోవడానికి కూడా దూరం పోనక్కర్లేదు. నల్లరేగడిలో రోటవేటర్ బ్లేడ్లు ఎలా అరుగుతాయో గుంటూరు జిల్లా రైతును అడిగితే చాలు. మిరప మరల సుత్తులూ అంతే. చెరకు ఫ్యాక్టరీల్లో రోలర్ పళ్ళ మీద వెల్డింగ్ చుక్కలు పెట్టించడం ఏటా జరిగే పని. అరిగిన చోట మళ్ళీ పోసి, పైన గట్టి పొర వేసి, పొలంలో నడిపి తూకం చూడటం మొత్తం ఇక్కడే అవుతుంది. ఉత్త మైల్డ్ స్టీలు గోడ పోసి టెన్సైల్ టెస్టు చేస్తే మాత్రం కొత్తదనం లేదు, అది ఎప్పుడో అయిపోయింది.

ఇక్కడే టాగూచి గురించి, అంటే తక్కువ ప్రయోగాలతో మంచి సెట్టింగ్ వెతికే పద్ధతి గురించి, ఒక మాట. మన దగ్గర ఏ ప్రాసెస్ అయినా ఎల్9 పట్టికలో కూర్చోబెట్టే అలవాటు బలంగా ఉంది. నాలుగు అంశాలు, ఒక్కోదానికి మూడు స్థాయిలు, 81 ప్రయోగాలకు బదులు 9. శ్రమ తగ్గుతుంది, నిజమే. కానీ అంశాలు ఒకదాన్నొకటి ప్రభావితం చేయవని ముందే అనుకుంటేనే ఆ పట్టిక నిలబడుతుంది. వైర్ ఆర్క్‌లో తీగ వేగం, టార్చి వేగం విడదీయలేనివి, రెండూ కలిసే వేడినీ పొర ఆకారాన్నీ నిర్ణయిస్తాయి. గోడ మూడు గంటల్లో అయ్యేటప్పుడు తొమ్మిదితో ఆగడానికి సాకు కూడా లేదు. లేజర్ జాబ్ వర్క్ వాళ్ళకు ఆ సాకు ఉంది, ముక్కకింత అని బిల్లు వస్తుంది మరి.

పరీక్షల దగ్గర అందరిదీ ఒకటే కష్టం. సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్), ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేతో స్ఫటిక నిర్మాణం చూసేది) మన యూనివర్సిటీల్లో కొన్నిచోట్ల ఉన్నాయి, ఇంకా లోతైనవి కావాలంటే శాంపిళ్ళ డబ్బీ పట్టుకుని హైదరాబాద్ బండెక్కాల్సిందే. ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ పరికరం ఏ సంస్థలో ఉందో చూసి స్లాట్ బుక్ చేసుకోవచ్చు. అయితే వెళ్ళే ముందు ఇక్కడే మామూలు మైక్రోస్కోప్ కింద చూసి, ఎచింగ్ (లోపలి నిర్మాణం కనపడేలా యాసిడ్ పట్టించడం) సరిగా వచ్చిందో లేదో తేల్చుకుని బయల్దేరండి.

డబ్బు సంగతి. ఫుల్ టైమ్ జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉంటే 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ళ తర్వాత 42,000. పాఠాలు చెబుతూ పార్ట్ టైమ్ చేసేవాళ్ళకు అదీ లేదు, ఉన్నది సాయంత్రాలూ ఆదివారాలే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. పార్సిల్ కోసం మూడేసి వారాలు ఎదురుచూసే ప్రాసెస్ వీళ్ళకు అస్సలు పనికిరాదు. పీహెచ్‌డీ అయి ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు కేంద్ర పరిశోధన నిధి సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ ఇచ్చే ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు మూడేళ్ళకు 60 లక్షల దాకా ఉంది. ఆ సొమ్ములో మంచి వైర్ ఆర్క్ సెల్, థర్మల్ కెమెరా, ఒక విద్యార్థి జీతం ఇముడుతాయి. పారిశ్రామిక లేజర్ యంత్రం ఇమడదు.

లేజర్ తీసుకోమని చెప్పేది ఇద్దరికే. ఒకరు హైదరాబాద్ బాలాపూర్‌లోని పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐలోనో, ఏదైనా ఐఐటీలోనో యంత్రం పక్కన కూర్చునే చోటు ఖాయం చేసుకున్నవాళ్ళు. రెండోవారు ప్రింటింగ్ జోలికి పోకుండా వచ్చిన ముక్కకు హీట్ ట్రీట్‌మెంట్, ఫెటీగ్ (పదేపదే భారం పడి విరగడం), తుప్పు లాంటివాటి మీదే ప్రశ్న పెట్టుకునేవాళ్ళు, వాళ్ళకు జాబ్ వర్క్ సరిపోతుంది. పాత మిల్లింగ్ మిషన్ ఇచ్చేందుకు కాలేజీ ఒప్పుకుని, వెల్డింగ్ పొగకు అనుమతి ఇవ్వకపోతే ఫ్రిక్షన్ స్టిర్. మిగతా అందరికీ వైర్ ఆర్క్. గైడ్ సంతకానికి ముందు ల్యాబ్‌లోకి వెళ్ళి ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతోందో లేదో, త్రీ ఫేజ్ సాకెట్ ఎంత లోడు ఆపుతుందో ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని చూసుకోండి. ఈ రెండూ లేకపోతే మొదటి ఆరు నెలలూ ఫైలు పట్టుకుని ప్రిన్సిపాల్ ఆఫీసు చుట్టూ తిరగడానికే సరిపోతాయి.