100 మీటర్లు అడిగితే 64 గీసింది: వెబ్ మ్యాప్ టూల్‌తో కొన్నేళ్ల అనుభవం

ముందే చెప్పేస్తున్నా, ఈ టూల్ మీద నాకున్న కోపమంతా ఒక్క బటన్ మీదే. బఫర్ బటన్, అంటే ఎంచుకున్న గీత చుట్టూ మనం చెప్పినంత దూరం పట్టీ గీసేది. మిగతాది చాలావరకు బాగానే ఉంది, రోజూ తెరుస్తూనే ఉన్నాను. కానీ పర్యావరణ నిబంధనల్లో ఎక్కువ భాగం దూరాల లెక్కే కదా. వాగు ఒడ్డు నుంచి ఇన్ని మీటర్ల లోపల యంత్రం పెట్టకూడదు, గూడు ఉన్న చెట్టు చుట్టూ ఇంత జాగా వదలాలి, రక్షిత ప్రాంతం హద్దుకు ఇన్ని కిలోమీటర్ల లోపు అయితే ఇంకో అనుమతి కావాలి, ఇలాంటివే. ఆ దూరాన్ని గీసి చూపించాల్సిన బటనే తప్పుగా గీస్తే, దాని కింద ఎన్ని లేయర్లు (ఒక్కో విషయానికి ఒక్కో మ్యాపు పొర) పేర్చి ఏం లాభం?

టూల్ పేరు రాయడం లేదు. రాస్తే, అది వాడనివాళ్లు "మనది కాదులే" అనుకుని ఇక్కడితో ఆపేస్తారు. ఇది ఒక్క కంపెనీ సంగతి కాదు, బ్రౌజర్‌లో మ్యాప్ తెరిచి దాని మీదే దూరాలు గీసుకునే ఎవరికైనా ఎదురుకావచ్చు.

నా పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే ఇంత గొడవ ఎందుకో అర్థం కాదు. నేను సైట్‌కి వెళ్లే మనిషిని కాను. కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కడెక్కడివో ప్రాజెక్టులు చూస్తుంటాను, ఒకటి భూమధ్యరేఖకు దగ్గర్లో ఉంటే ఇంకోటి బాగా ఉత్తరాన ఉంటుంది. వాగు గట్ల మీద మొక్కలు నాటడం, పూడిపోయిన మడుగుల్ని మళ్లీ తవ్వడం, పశువులు నీళ్లలోకి దిగకుండా కంచె వేయడం లాంటి పనులు. పేరుకు ప్రకృతిని బాగుచేసే పనే అయినా మట్టి తవ్వే యంత్రం దిగేది వాగు పక్కనే కాబట్టి అనుమతులు తప్పవు. ప్లాన్ గీసేది ఒకరు, అది నిబంధనలకు సరిపోతుందో లేదో చూసి కాగితం మీద పెట్టేది నేను.

కొత్తలో ఈ టూల్‌ని తెగ పొగిడాను, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను. పొగడకుండా ఎలా ఉంటాం, అంతకుముందు రక్షిత ప్రాంతాల మ్యాప్ ఒక చోట, చిత్తడి నేలలది ఇంకో చోట, వరద ముంపుది మరో చోట, అందులో సగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. ఇప్పుడు సైట్ చుట్టూ ఒక పాలిగాన్, అంటే మూసిన హద్దు గీత, గీస్తే చాలు, దానికి తగిలే లేయర్లన్నీ లెక్కగట్టి రిపోర్ట్ ఇచ్చేస్తుంది. ఒక మధ్యాహ్నమంతా పట్టే పని టీ తాగేలోపు అయిపోతుంటే ఎవరికైనా ప్రేమ పుడుతుంది. ఆ పొగడ్తలో ఇప్పుడు కొంత కోత పెట్టుకుంటున్నా. పాలిగాన్ లోపల ఏముందో చెప్పడంలో ఈ టూల్‌కి వంక పెట్టలేం. పాలిగాన్‌కి ఎంత దూరంలో ఏముందో చెప్పమన్నప్పుడే తేడా వస్తుంది.

అసలు కథ ఇది. 50 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గర్లో ఒక సైట్. పూడిపోయిన మడుగును తవ్వి చుట్టూ స్థానిక జాతుల మొక్కలు పెట్టే పని. పర్మిట్‌లో ఒక షరతు, వాగు ఒడ్డు నుంచి 100 మీటర్ల లోపల డీజిల్ నిల్వ చేయకూడదు, యంత్రాలు నిలపకూడదు. సరే, వాగు గీతను ఎంచుకున్నాం, బఫర్ నొక్కాం, 100 అని కొట్టాం, వాగుకు రెండు పక్కలా నీలం పట్టీ వచ్చింది. పట్టీకి బయట, దాన్ని దాదాపు ఆనుకునే యంత్రాల యార్డు గీశాం, ఎందుకంటే ఇంకా దూరం జరిపితే పొదలు కొట్టాల్సి వస్తుంది. రిపోర్టులో ఆకుపచ్చ టిక్కు, పక్కనే "దూర నిబంధన పాటించబడింది" అని అచ్చం యంత్రం రాసినట్టుండే తెలుగు. అందరం సంతోషం.

ఫీల్డ్ టీమ్ ఆ పట్టీ అంచును చేతి జీపీఎస్‌లోకి ఎక్కించుకుని కొయ్యలు పాతడానికి వెళ్లింది. వాళ్లలో ఒకాయన ఏ యంత్రాన్నీ ఊరికే నమ్మడు, కొయ్య పాతాక టేపు తీసి ఒడ్డు దాకా కొలిచాడు. 64 మీటర్లు. ఇంకోచోట కొలిచాడు, అక్కడా అటూ ఇటూగా అంతే. ఫోన్ చేసి, "మీరు పంపిన గీత ఒకసారి చూడండి, మాకైతే 100 రావడం లేదు" అన్నాడు.

ఇక మొదలైంది టెన్షన్. మొదటి అనుమానం జీపీఎస్ మీద. కానీ చేతి జీపీఎస్ తప్పితే కొన్ని మీటర్లు తప్పుతుంది, 36 మీటర్లు, అదీ అన్ని కొయ్యల దగ్గరా ఒకే పక్కకు తప్పదు. రెండో అనుమానం వాగు మీద, లేయర్‌లో ఉన్న గీత పాతదేమో, వాగు పక్కకు జరిగిందేమో అని. ఇది నిజంగా జరిగేదే, వాగులు కాలవల్లా పడి ఉండవు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు తెరిచి చూశాం, వాటి పిక్సెల్ 10 మీటర్లు, 36 మీటర్లు జరిగి ఉంటే తెలిసిపోతుంది. వాగు ఎక్కడుండాలో అక్కడే ఉంది. మూడోది పాపం ఆ టేపు మీద, అది మరీ అన్యాయం.

చివరికి మా పక్క సీటు సహోద్యోగి ఎవరికీ తోచని పని చేసింది. అదే టూల్‌లో ఉన్న రూలర్ తీసుకుని, అదే టూల్ గీసిన బఫర్ పట్టీని కొలిచింది. ఒడ్డు మీద ఒక క్లిక్కు, పట్టీ అంచు మీద ఒక క్లిక్కు. 64 మీటర్లు! అంటే ఒకే స్క్రీన్ మీద, ఒకే మెనూలో పక్కపక్కనే ఉన్న రెండు బటన్లు ఒకదాని మాట ఒకటి ఒప్పుకోవడం లేదు. రూలర్ చెప్పింది నిజం. బఫర్ తనకు తోచింది గీసి, దాని మీద 100 అని లేబుల్ పెట్టుకుంది.

కారణం తెలిశాక ఇంకా మండింది, ఎందుకంటే ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. వెబ్ మ్యాపులు ఎక్కువగా వాడే ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునైన మ్యాపుగా పరిచే పద్ధతి) పేరు వెబ్ మెర్కేటర్, కోడ్ ఈపీఎస్‌జీ 3857, 2005లో గూగుల్ మ్యాప్స్ దీన్ని పట్టుకున్నప్పటి నుంచి చాలామంది ఇదే వాడుతున్నారు. మెర్కేటర్ అనే మ్యాపుల నిపుణుడు 1569లో తన మ్యాపును గీసింది ఓడలు నడిపేవాళ్ల కోసం, దిక్కు చూసుకుని సూటిగా పోవడానికి. అందులో కోణాలు సరిగ్గా ఉంటాయి, దానికి బదులుగా భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ అన్నీ సాగిపోతాయి. గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనబడేది అందుకే, నిజానికి ఆఫ్రికా దానికి దాదాపు 14 రెట్లు. ఎంత సాగుతుందో లెక్క కూడా సులువే: 1ని ఆ అక్షాంశం కొసైన్‌తో భాగించాలి. 60 డిగ్రీల దగ్గర సరిగ్గా రెట్టింపు. 50 డిగ్రీల కొసైన్ 0.643. మా బఫర్ మ్యాపు మీద 100 యూనిట్లు కొలిచి గీసింది, నేల మీదికి వచ్చేసరికి అవి 64 మీటర్లయ్యాయి. టేపు ఒక్క మీటరు కూడా అబద్ధం చెప్పలేదు.

మరి ఇన్నేళ్లూ ఎందుకు బయటపడలేదు అంటే, అంతకుముందు మా సైట్లు ఎక్కువగా భూమధ్యరేఖకు దగ్గర్లో ఉండేవి. 15 డిగ్రీల దగ్గర 100 మీటర్లు 96.6 అవుతుంది. ఆ మూడు నాలుగు మీటర్లు జీపీఎస్ తేడాలోనే కలిసిపోతాయి, ఎవరూ పట్టించుకోరు. 30 డిగ్రీలకు 86.6, 40 డిగ్రీలకు 76.6. ఉత్తరానికి పోయేకొద్దీ టూల్ మెల్లమెల్లగా మన షరతుల్ని కొరుక్కుతింటూ పోతుంది, స్క్రీన్ మీద మాత్రం ఎప్పుడూ అదే 100, అదే ఆకుపచ్చ టిక్కు.

సపోర్ట్‌కి రాశాం, రెండు బటన్లూ ఒకే ఫ్రేమ్‌లో కనబడేలా స్క్రీన్‌షాట్లు పెట్టి. చాలా మర్యాదగా జవాబు వచ్చింది: టూల్ రూపొందించిన విధంగానే పనిచేస్తోంది, ఇది ప్రాథమిక పరిశీలనకు మాత్రమే, సర్వే అవసరాలకు కాదు. ఆ మాట రిపోర్ట్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, నిజమే. అయితే పైన పెద్ద అక్షరాల్లో ఆ టిక్కు ఎందుకు? ప్రాథమిక పరిశీలన అయితే "దూరం సుమారు, నేల మీద కొలుచుకోండి" అని ఒక ముక్క అక్కడే రాయొచ్చు కదా. నాకు కోపం అక్కడ. ప్రొజెక్షన్ వల్ల తేడా రావడం తప్పేం కాదు, గుండ్రటి భూమిని చదునుగా పరిస్తే ఏదో ఒకటి చెడుతుంది. కానీ రూలర్‌కి ఆ సంగతి నేర్పినవాళ్లు బఫర్‌కి నేర్పకపోవడం ఏమిటి?

యంత్రాలు రాకముందే దొరికింది కాబట్టి జరిమానాల దాకా పోలేదు. యార్డు మళ్లీ గీయాలి, కొత్త చోట పొదల సర్వే చేయించాలి, సవరించిన ప్లాన్ మళ్లీ పంపాలి. ఇదంతా అయ్యేసరికి పక్షులు గూళ్లు కట్టే కాలం వచ్చేసింది, ఆ నెలల్లో తవ్వకం పని నిషేధం, మడుగు పని కాస్తా తర్వాతి సీజన్‌కి పోయింది. నర్సరీలో మొక్కలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి, వాటికి ఇంకో ఏడాది నీళ్లు పోసింది నర్సరీవాళ్లే, సపోర్ట్‌లో జవాబు రాసినవాళ్లు కాదు.

తర్వాత కొన్నాళ్లు ఒక అడ్డదారి వాడాం. 100 కావాలంటే కొసైన్‌తో భాగించి 155.6 అని కొట్టడం. గీత సరిగ్గా వచ్చేది. కానీ రిపోర్టులో "155.6 మీటర్ల బఫర్" అని అచ్చయ్యేది, ఫైల్ చూసే అధికారి నిబంధన 100 అయితే మీరు 155.6 ఎందుకు వదిలారు, ఇక్కడ మాకు చెప్పనిది ఇంకేమైనా ఉందా అని అడిగారు! తప్పుగా గీస్తే టిక్కు, సరిగ్గా గీస్తే సంజాయిషీ. ఆ అడ్డదారి అక్కడితో బంద్.

ఇప్పుడు చేసేదేమిటంటే బఫర్లు మాత్రం క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో, ఆ సైట్ పడే యూటీఎం జోన్‌లో గీసి, జియోజేసన్ అనే మ్యాపు ఫైల్‌గా ఎగుమతి చేసి ఈ టూల్‌లోకి ఎక్కిస్తాం. యూటీఎం భూమిని 6 డిగ్రీల వెడల్పుతో 60 జోన్లుగా కోస్తుంది, ఒక జోన్ లోపల దూరాల్లో వచ్చే తేడా మన పనికి లెక్కలోకి రాదు. క్యూజీఐఎస్ కూడా అమాయకంగా నమ్మాల్సిందేమీ కాదు, లేయర్ మీటర్లలో కాక అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉండగా 100 అని బఫర్ కొడితే 100 డిగ్రీలు గీస్తుంది, సగం ప్రపంచం నిండిపోతుంది. కానీ ఆ తప్పు కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, 64 మీటర్ల తప్పులా మర్యాదగా కూర్చోదు.

మధ్యలో ఒక అప్‌డేట్‌లో "భూమి వంపును లెక్కించు" అనే ఆప్షన్ సెట్టింగుల్లో పెట్టారు, దానికి సంతోషమే. కాకపోతే అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, పాత ప్రాజెక్టులు తెరిస్తే పాత గీతలే వస్తాయి. పాతవాటిలో ఉత్తరాన ఉన్నవన్నీ మళ్లీ తీసి చూశాం, చాలావాటిలో ఎలాగూ షరతు కన్నా బాగా దూరం వదిలి ఉన్నారు, కొన్నింటికి మాత్రం సవరణ పంపక తప్పలేదు.

దూరం విషయంలోనే ఇంకోటి, ఇది టూల్ తప్పు కూడా కాదు. రక్షిత ప్రాంతాల ప్రపంచ డేటాబేస్, ప్రొటెక్టెడ్ ప్లానెట్‌లో చూస్తామే అది, నెలనెలా అప్‌డేట్ అవుతుంది, కానీ అందులో కొన్ని ప్రాంతాలకు హద్దు గీత ఉండదు, ఒక చుక్క మాత్రమే ఉంటుంది. రిపోర్ట్ ఆ చుక్క నుంచి దూరం కొలిచి "ఇన్ని కిలోమీటర్లు" అంటుంది. అసలు హద్దు అంతకన్నా చాలా దగ్గరికి వచ్చి ఉండొచ్చు. మ్యాప్‌లో చుక్క కనబడితే నేను ఆ సంఖ్యను కొట్టేసి ఆ ప్రాంతం చూసుకునేవాళ్లకే ఉత్తరం రాస్తాను.

ఆనందపెట్టినది కూడా చెప్పకపోతే అన్యాయం. గ్లోబల్ సర్ఫేస్ వాటర్ లేయర్. 1984 నుంచి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల్లో ఎక్కడెక్కడ నీళ్లు కనిపించాయో పిక్సెల్ పిక్సెల్‌కీ చూపిస్తుంది. చిత్తడి నేలల లేయర్‌లో అసలు లేని, వానాకాలంలో మాత్రమే నిండే గుంట ఒకటి దీంట్లో లేత రంగులో దొరికింది, ప్లాన్‌లో దాని మీదుగానే దారి గీసి ఉంది, దారిని పక్కకు తిప్పించాం. పిక్సెల్ 30 మీటర్లు కాబట్టి చిన్న గుంటలు ఇందులో దొరకవు, అది వేరే సంగతి.

కొనాలా వద్దా అంటే, మీ సైట్లన్నీ భూమధ్యరేఖకు 15 డిగ్రీల లోపే ఉంటే, లేదా మీ నిబంధనల్లో దూరాల కన్నా "లోపల ఉందా, బయట ఉందా" అన్నదే ముఖ్యమైతే, నేను చెప్పిందంతా మీకు గోరంతను కొండంత చేసినట్టు అనిపిస్తుంది, హాయిగా వాడుకోండి. ఎత్తైన అక్షాంశాల్లో పనిచేస్తూ, పక్కన క్యూజీఐఎస్ తెలిసిన మనిషి లేకుండా, ఈ ఒక్క టూల్ రిపోర్టునే ఫైల్‌లో పెట్టాల్సిన చిన్న టీమ్ అయితే మాత్రం నేను వద్దంటాను. ట్రయల్‌లోనే మీ సైట్ దగ్గర 100 మీటర్ల బఫర్ గీసి దాని రూలర్‌తోనే కొలవండి, నిమిషం పని. మా దగ్గర రెన్యువల్ టైమ్‌కి అడిగితే ఉంచుదామనే అన్నాను, మొదటి వడపోతకు ఇంతకన్నా వేగంగా పనిచేసేది నా చేతికి ఇంకా రాలేదు. బఫర్ బటన్‌ని టూల్‌బార్ నుంచి దాచేసే వీలుంది, నా అకౌంట్‌లో అది దాచేసే ఉంది.