ఇంటి లెక్కలకు గూగుల్ షీట్స్: తప్పితే నోరెత్తదు

ఇంటి జమాఖర్చులు రాసుకోవడానికి డబ్బు పెట్టి యాప్ కొనక్కర్లేదు, గూగుల్ షీట్స్ చాలు. జీమెయిల్ ఖాతా ఉంటే ఉచితం. రోజుకు 8 పద్దులు రాసినా ఏడాదికి సుమారు 3,000 వరసలు. ఒక ఫైల్‌కు కోటి గడుల దాకా పడతాయి కాబట్టి చోటు చాలదన్న బెంగ లేదు. ఎస్సెమ్మెస్‌లు చదివి లెక్కకట్టే యాప్‌లకు పాలవాడి చేతిలో పెట్టిన డబ్బు, పనమ్మాయి జీతం, చీటీ కట్టుబడి తెలియవు. షీట్‌లో అవన్నీ రాసుకోవచ్చు. చిక్కల్లా ఒకటే: లెక్క తప్పినప్పుడు ఎర్రర్ చూపించేది కొన్నిసార్లే. మిగతాప్పుడు తప్పు మొత్తాన్నే దర్జాగా చూపించి ఊరుకుంటుంది.

మొదటి దెబ్బ తేదీల దగ్గరే. మీ గూగుల్ ఖాతా భాష అమెరికా ఇంగ్లిష్‌లో ఉంటే కొత్త షీట్ కూడా అమెరికా పద్ధతిలోనే పుడుతుంది. ఏప్రిల్ 5 అనుకుని 05/04/2025 కొడితే అది మే 4 అవుతుంది. 13/04/2025 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి తేదీగా తీసుకోకుండా మామూలు అక్షరాల్లా గడిలో ఎడమవైపుకు అతుక్కుంటుంది. నెలవారీ మొత్తాల్లో మొదటిది తప్పు నెలలోకి పోతుంది, రెండోది ఏ నెలలోనూ కనపడదు. అందుకే ఒక్క అంకె కూడా రాయకముందే ఫైల్, సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేల్ (తేదీలు, అంకెలు ఏ దేశపు పద్ధతిలో చదవాలన్నది) ఇండియా అని, టైమ్‌జోన్ మన సమయమని పెట్టండి. సగం రాశాక మారిస్తే పాత తప్పులు సర్దుకోవు. మే 4గా పడింది మే 4గానే ఉండిపోతుంది, కనపడే తీరు మాత్రం మారుతుంది. డల్లాస్‌లో కొడుకు, గుంటూరులో తండ్రి ఒకే షీట్‌లో రాస్తుంటే ఇంకో మెలిక ఉంది. లొకేల్ ఫైల్‌కు ఒక్కటే, మనిషికొకటి కాదు. అలాంటప్పుడు ఇద్దరూ 2025-04-05 అని ఏడాది ముందు పెట్టి రాస్తే ఎక్కడైనా ఒకేలా చదువుకుంటుంది.

గూగుల్ ఇచ్చే మంత్లీ బడ్జెట్ టెంప్లేట్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ నెలకో కాపీ తీయాలి. డిసెంబరుకు పన్నెండు ఫైళ్లు, ఏడాది మొత్తంలో కూరగాయలకు ఎంతైందో ఒక్కచోట దొరకదు. ఖాళీ షీట్‌లో ఆరు కాలమ్‌లు వేసుకోవడం మేలు: తేదీ, వివరం, రకం, జమ, ఖర్చు, ఖాతా. ఖాతా అంటే నగదా, బ్యాంకా, క్రెడిట్ కార్డా అన్నది. ఏళ్ల తరబడి అన్నీ ఒకే పొడవాటి షీట్‌లో కిందికి పోతూ ఉండాలి. నెలల వారీ మొత్తం, వరసలను గుంపులు కట్టి కూడిపెట్టే పివట్ టేబుల్ చూసుకుంటుంది. పివట్‌కు ఐదొందల వరసలని హద్దు కడితే 501వ వరస నుంచి లెక్కలోకి రాదు, ఆ సంగతి చెప్పదు కూడా. కాలమ్‌లను పూర్తిగా ఇవ్వండి.

ఏటీఎంలో 5,000 తీస్తే అది ఖర్చు కాదు. బ్యాంకులో ఖర్చుగా ఒక వరస, నగదులో జమగా ఇంకో వరస, రెండింటికీ రకం ‘బదిలీ’. కార్డు బిల్లు కట్టినప్పుడూ ఇంతే. సరుకు కొన్న రోజునే కార్డు ఖాతా కింద ఖర్చు రాసేశారు కాబట్టి బిల్లును మళ్లీ ఖర్చులో రాస్తే రెండుసార్లు పడుతుంది. ఇంటి లెక్కల్లో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

రకాలను చేత్తో టైపు చేయకండి. ఫోన్ కీబోర్డు సూచించిన మాటను నొక్కితే చివర కంటికి కనపడని ఖాళీ ఒకటి చేరుతుంది. ‘కూరగాయలు’కు, చివర ఖాళీ ఉన్న ‘కూరగాయలు’కు షీట్ దృష్టిలో సంబంధం లేదు, రకం సరిపోలిన వరసలనే కూడే సమ్‌ఇఫ్స్ ఫార్ములా రెండోదాన్ని వదిలేస్తుంది. ఇన్సర్ట్‌లో డ్రాప్‌డౌన్ పెట్టి, జాబితాలో లేనిది తిరస్కరించమని చెప్పండి. పదిహేను రకాలు మించితే ఎంచుకోవడానికే విసుగొస్తుంది.

బ్యాంకు స్టేట్‌మెంట్ తెచ్చి అతికించేటప్పుడు ఇంకో మోసం. అంకె పక్కన ‘క్రెడిట్’ గుర్తుగా రెండక్షరాలుంటే షీట్ దాన్ని అంకెగా చూడదు. కూడమంటే దాన్ని దాటేసి మిగిలినవి కూడుతుంది. కాలమ్‌ను సెలెక్ట్ చేసి కింద కుడి మూలన చూడండి: ‘కౌంట్’, ‘కౌంట్ నంబర్స్’ రెండూ ఉంటాయి. శీర్షిక ఒక్కటి మినహా ఆ రెండింటికీ తేడా వస్తే అంకెల వేషంలో అక్షరాలున్నట్టే. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఆ అక్షరాలు, కామాలు తీసేస్తే సరిపోతుంది.

మొత్తాల్లో వచ్చే తప్పులకు కాపలాగా ఒక గడి ఉంచాలి: బ్యాంకు ఖాతా మొదటి నిల్వకు ఆ ఖాతా జమ కలిపి, ఆ ఖాతా ఖర్చు తీసేసి, అందులోంచి బ్యాంకు చూపించే నిల్వను తీసేయాలి. సున్నా కాకపోతే ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ పెట్టండి. వారానికోసారి చూస్తే చాలు. తేడా 9తో నిశ్శేషంగా భాగించబడితే 540ని 450 అన్నట్టు అంకెలు తారుమారయ్యాయేమో ముందు వెతకండి. పాత గుమాస్తాల చిట్కా, ఇప్పటికీ పనిచేస్తుంది.

లక్షల కామాలకు కస్టమ్ నంబర్ ఫార్మాట్‌లో ఇది అతికించండి:

[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0

షరతులు రెండే పెట్టనిస్తుంది. కాబట్టి మైనస్ అంకెలు మాత్రం మిలియన్ల పద్ధతిలోనే కనపడతాయి. విండోస్‌లో ప్రాంతం ఇండియాగా ఉంటే ఎక్సెల్‌కు ఈ తంటా లేదు. ఈ విషయంలో మార్కు దానికే.

అప్పుల లెక్కలో షీట్స్‌కు వంక పెట్టలేం. 30 లక్షల ఇంటి అప్పు, 8.5 శాతం వడ్డీ, 240 నెలలు: పీఎంటీ ఫార్ములా 26,035 కిస్తీ చూపిస్తుంది. మొదటి నెల అందులో 21,250 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 4,785. నెలకు 2,000 ఎక్కువ కడితే ఎన్‌పర్ ఫార్ములా 201 నెలలంటుంది. అంటే మూడేళ్ల పైచిలుకు తగ్గింది. వడ్డీని 12తో భాగించడం, శాతం గుర్తు పెట్టడం మరచిపోతేనే అంకెలు వెర్రెత్తుతాయి.

చీటీకి విడిగా ఒక షీట్ పెట్టండి. లక్ష రూపాయల చీటీ, 20 మంది, నెలకు 5,000 అనుకుందాం. పాట 25,000 తగ్గింపుకు పోతే, కమీషన్ 5 శాతం పోను 20,000 మిగులుతుంది. మనిషికి 1,000 డివిడెండ్, కట్టాల్సింది 4,000. (2019 సవరణ తర్వాత చట్టం కమీషన్‌ను 7 శాతం దాకా ఒప్పుకుంటోంది. మీ ఒప్పందంలో ఎంతుందో చూసి రాయండి.) కట్టినవన్నీ మైనస్‌లో, చేతికొచ్చింది ప్లస్‌లో తేదీలతో రాసి ఎక్స్‌ఐఆర్ఆర్ వేస్తే ఏడాదికి అసలు రాబడి తెలుస్తుంది. చివరి నెలల్లో చీటీ ఎత్తుకున్నవాళ్లకు ఆ జవాబు నమ్మొచ్చు. మూడో నెలలోనో నాలుగో నెలలోనో పాడుకుంటే ముందు మైనస్, మధ్యలో ప్లస్, మళ్లీ మైనస్ అవుతుంది. అలాంటి లెక్కకు గణితంలోనే రెండు జవాబులు ఉండొచ్చు, ఫార్ములా ఒక్కటే చూపిస్తుంది లేదా చేతులెత్తేస్తుంది.

ఫోన్‌లో మాత్రం షీట్స్ యాప్ చిరాకే. చిన్న గడులు, వేలు జారితే పక్క పద్దు చెరిగిపోతుంది. ఖర్చులు రాయడానికి గూగుల్ ఫామ్ ఒకటి చేసి, దాని లింకును ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకోండి. మొత్తం, రకం, ఖాతా మూడు నొక్కితే పది సెకన్లలో అయిపోతుంది. జవాబులు వచ్చిపడే షీట్‌లో పక్కన ఫార్ములా రాస్తే కొత్త వరసలకు దానంతటది పాకదు. పై గడిలో అరేఫార్ములాగా (ఒక్క గడిలో రాస్తే కాలమ్ అంతటికీ వర్తించేది) రాయాలి.

ఇంట్లోవాళ్లకు షేర్ చేసేటప్పుడు వాళ్ల మెయిల్ పేరుతోనే ఇవ్వండి, ‘లింక్ ఉన్న ఎవరికైనా’ అని తెరిచిపెట్టకండి. ఎవరైనా పొరపాటున చెరిపితే వెర్షన్ హిస్టరీలో నిన్నటి ప్రతి దొరుకుతుంది. పాస్‌వర్డులు, కార్డు నంబర్లు, ఆధార్ ఇందులో రాయకండి.