బ్రిటన్‌కి ఏది మేలు: నార్వే దారా, ఇప్పుడున్న ఒప్పందమా?

2016 జూన్ 23న బ్రిటన్‌లో ఓటేసినవాళ్లలో 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ వద్దన్నారు. బయటికొచ్చాక ఎంత దూరంలో ఉండాలో మాత్రం ఆ బ్యాలెట్‌లో అడగలేదు. అప్పట్నుంచి లండన్‌లో ఏ ప్రభుత్వం వచ్చినా తేల్చుకోలేకపోతున్నది అదే.

ఇప్పుడున్నది యూనియన్‌తో 2021 జనవరి 1న మొదలైన వాణిజ్య ఒప్పందం. నిబంధనల ప్రకారం బ్రిటన్‌లోనో యూనియన్‌లోనో తయారైన సరుకుకి సుంకం లేదు. బెడదంతా కాగితాలతోనే. ఫ్రాన్స్‌కి మాంసమో చీజో పంపాలంటే ఆరోగ్య సర్టిఫికెట్, కస్టమ్స్ పత్రాలు కావాలి. పెద్ద కంపెనీ ఆ పనికి మనుషుల్ని పెట్టుకుంటుంది. నలుగురితో చీజ్ చేసే కుటుంబం ఎలా తట్టుకుంటుంది? నాకు బాధనిపించేది అక్కడే. యూనియన్‌లోనే ఉండి ఉంటే వచ్చేదానికంటే ఉత్పాదకత దీర్ఘకాలంలో 4 శాతం తగ్గుతుందని బ్రిటన్ అధికారిక ఆర్థిక అంచనాల సంస్థ అయిన బడ్జెట్ బాధ్యత కార్యాలయమే అంచనా వేసింది.

నార్వే ప్రజలు 1972లో, 1994లో సభ్యత్వం వద్దన్నారు. అయినా 1994 నుంచి ఆ దేశం ఒకే నియమాలతో నడిచే యూరప్ ఉమ్మడి మార్కెట్‌లో ఉంది. చేపల వేట, వ్యవసాయ విధానం తన చేతిలోనే ఉంచుకుంది. బదులుగా డబ్బు కడుతుంది, యూరప్ పౌరుల్ని స్వేచ్ఛగా రానిస్తుంది, తన ఓటు లేని నియమాల్ని పాటిస్తుంది.

ఓటు లేకపోవడం చిన్న విషయం కాదు. కానీ బ్రిటన్ ఇప్పుడు చేస్తున్నదేంటి? సరిహద్దు తనిఖీలు తగ్గాలంటే ఆహార నియమాల్లో యూనియన్ వెంట నడుస్తామని 2025 మే 19న ఒప్పుకుంది. అదే రోజు యూరప్ పడవలకి 2038 దాకా చేపల వేటకి అనుమతిచ్చింది. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్ అయితే సరుకుల విషయంలో ఇప్పటికే యూరప్ నియమాల కింద ఉంది.

అసలు చిక్కు వలసలు. అందుకే 2024లో ప్రధాని అయిన కీర్ స్టార్మర్ ఉమ్మడి మార్కెట్ వద్దన్నారు. కానీ బయటికొచ్చాక వలసలు మొదట్లో తగ్గకపోగా 2023లో రికార్డుకి చేరాయి. చదువుకోడానికి వెళ్లిన మన తెలుగు పిల్లలూ ఆ లెక్కలో ఉన్నారు.

స్విట్జర్లాండ్‌లా వందకి పైగా విడివిడి ఒప్పందాలు చేసుకోవచ్చుగా అంటే, ఆ పద్ధతితో బ్రసెల్స్‌లోని యూనియన్ నాయకత్వం ఎప్పుడో విసిగిపోయింది.

అందుకే నేను నార్వే వైపే. ఓటు కావాలంటే పూర్తి సభ్యత్వమే అడగాలి, నిజమే. దానికి 27 దేశాలూ ఒప్పుకోవాలి, ఏళ్లు పడుతుంది. ఆ చీజ్ కుటుంబం అన్నాళ్లు ఆగలేదు.