ఖాట్మండూ వానలు, మేనేజరు గారి లెక్కలు

మనిషికి 46,500 రూపాయలు కట్టించుకుని, తొమ్మిది రోజుల్లో ఖాట్మండూ, మనకామన, పోఖరా, ముక్తినాథ్ చూపిస్తామన్న ట్రావెల్స్ వారు చివరికి చూపించింది ఖాట్మండూ లోయ ఒక్కటే. వానకు వారు బాధ్యులు కారు. అయితే వాన పేరు చెప్పి వారి మేనేజరు చేసిన వసూళ్లు కూడా ప్రకృతి వైపరీత్యం కిందికే వస్తాయంటే ఒప్పుకోవడం కష్టం.

అనంతపురం నుంచి ఇద్దరు వంటవాళ్లతో సహా ఇరవై ఎనిమిది మందిమి బెంగళూరు, ఢిల్లీల మీదుగా 2024 సెప్టెంబరు 26న ఖాట్మండూ చేరాము. మరునాడు పట్టిన వాన 28వ తేదీ ఉదయానికి గానీ తీవ్రత తెలియనివ్వలేదు. విమానాశ్రయం దగ్గర 24 గంటల్లో దాదాపు 240 మిల్లీమీటర్లు కురిసిందట. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే సంతోషించే జిల్లా మాది. మాతో వచ్చిన ఒక వేరుశనగ రైతు కిటికీ వదలకుండా కూర్చుని, "ఇందులో రెండు పదున్లు మనకు పడింటే శెనక్కాయ నిలబడేది కదన్నా" అని రోజంతా అదే మాట అన్నాడు. ఆ వరదల్లో నేపాల్‌లో రెండు వందల మందికి పైగా చనిపోయారు. ధాదింగ్ జిల్లాలో కొండచరియలు విరిగిపడి బస్సులు మట్టిలో కూరుకుపోయాయి. మేము పోఖరాకు వెళ్లవలసింది ఆ దారినే కాబట్టి, ప్రయాణం ఆగిపోయినందుకు ఎవరికీ ఫిర్యాదు లేదు, మా వదినకు తప్ప. ముక్తినాథ్‌లోని 108 ధారల కింద స్నానం చేస్తానని ఆమె మొక్కుకుని వచ్చింది. రెండు రోజులు నాతో గానీ, చెల్లెలైన నా భార్యతో గానీ మాట్లాడలేదు.

ఇక ఆ లాడ్జి. మూడో అంతస్తులో మాకిచ్చిన గదిలో గోడ నిమ్మెక్కి, తలగడ ఆనించిన చోట సున్నం పెచ్చులుగా రాలి దుప్పటి మీద పడేది. గీజరు ఎర్రలైటు వెలిగేదే కానీ నీళ్లు వేడెక్కేవి కావు. పోఖరా గదులు రద్దయ్యాయి కనుక ఆ డబ్బుతోనే ఇక్కడ సర్దుతారనుకున్నాము. మేనేజరు మాత్రం అదనపు రాత్రులకు గదికి 1,600 చొప్పున మన రూపాయల్లో వసూలు చేశాడు. మూడో రోజు కౌంటరు వెనుక వేలాడుతున్న రేట్ల పట్టికను మాలో ఒక రిటైర్డు హెడ్‌మాస్టరు గారు కళ్లద్దాలు సవరించుకుని చదివారు. అందులో ఉన్నవి 1,600 నేపాలీ రూపాయలు. మన 100కు అక్కడ 160 వస్తాయి కాబట్టి గది అసలు ధర 1,000 మాత్రమే. ఈ సంగతి అడిగితే మేనేజరు, "టాక్సులుంటాయి సార్" అని ఫోను చెవిన పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఆనాటి నుంచి హెడ్‌మాస్టరు గారు జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని తిరిగారు.

29న వాన తెరిపిచ్చాక పశుపతినాథ్ వెళ్లాము. బాగ్‌మతి ఇంకా ఎర్రగా, చెత్తను మోసుకుంటూ పారుతోంది. అక్కడి అర్చకులైన భట్టులు కర్ణాటక నుంచి వెళ్లినవారని విని ఉన్నందున, మడకశిర వాసనతో నాకొచ్చిన కన్నడంలో ఒకరిని పలకరించాను. ఊరేదని అడిగి, అనంతపురం అనగానే "నమ్మ పక్కదవరే" అని నవ్వి ఆయన చేతిలో పెట్టిన ప్రసాదాన్ని వదిన కళ్లకద్దుకుంది. రెండు రోజుల మౌనం అక్కడ సగం తెగింది.

మిగతా సగం భక్తపూర్‌లో తెగింది. మా జాబితాలో లేని ఆ ఊరు వాన పుణ్యమా అని దొరికింది. 1702లో భూపతీంద్ర మల్ల కట్టించిన అయిదంతస్తుల న్యాతపోల ఆలయం 1934, 2015 భూకంపాలకు కూలకుండా నిలబడింది. మెట్లకు ఇరువైపులా కింద మల్లయోధులు, వారిపైన ఏనుగులు, ఆపైన సింహాలు జంటలుగా ఉంటాయి. దాని దిగువన ఒక కొట్లో జూజూ ధౌ తిన్నాము. మట్టి గిన్నెలోనే తోడుపెట్టిన గేదె పెరుగది. నీటిని మట్టి పీల్చేయడంతో చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా, కాస్త తియ్యగా, పైన మీగడతో ఉంది. గిన్నె 80 నేపాలీ రూపాయలు, అంటే మన 50. పెరుగన్నం తప్ప బయట ఏదీ ముట్టని వదిన రెండు గిన్నెలు తిని, ఖాళీ గిన్నెలు కడిగి సంచిలో వేసుకుంది. లోయలోనే ఉన్న పటాన్ కూడా చూశాము. పూర్తిగా రాతితో కట్టిన అక్కడి కృష్ణ మందిరం కోసమైనా ఒక పూట కేటాయించాలి.

ఇక్కడా లెక్క తప్పలేదు. భక్తపూర్ ప్రవేశానికి మేనేజరు మనిషికి మన 400 రూపాయలు వసూలు చేశాడు. గేటు దగ్గరి బోర్డు ప్రకారం మన దేశం కూడా ఉన్న సార్క్ కూటమి దేశాలవారికి 500 నేపాలీ రూపాయలు, అంటే మన 312 రూపాయల 50 పైసలు. హెడ్‌మాస్టరు గారి పుస్తకంలో అది కూడా చేరింది. నేపాల్ వెళ్లేవారు చిల్లర తామే మార్చుకుని, టిక్కెట్లు తామే కొనుక్కోవాలి. యాత్ర మధ్యలో ఆగితే ఎంత తిరిగి ఇస్తారో బయలుదేరక ముందే కాగితం మీద రాయించుకోవాలి. మా రసీదు వెనుక "వైపరీత్యాలకు బాధ్యత లేదు" అన్న చిన్న అక్షరాలను ఊరు చేరాక గానీ మేము చదవలేదు.

ఇరవై రోజులు ఫోన్లు చేయగా మనిషికి 2,000 తిరిగి వేశారు. మిగతాది వచ్చే ఏడాది ముక్తినాథ్ యాత్రలో తగ్గిస్తామన్నారు. నేను కుదరదన్నాను. వదిన అప్పటికే పేరు రాయించేసింది.