దగ్గరి పంటా, తాతల నాటి తిండా, నేలను చెరచని సాగా: ఏది మేలు?

స్థానికం, సంప్రదాయం, సుస్థిరం. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేయడం మనకు అలవాటైపోయింది. పక్కనే పండిందీ, పాతకాలం నాటిదీ అయితే ఇక అడగాల్సిందేమీ లేదన్నట్టు మాట్లాడతాం. మూడూ చాలాసార్లు కలిసి నడుస్తాయి, నిజమే. చిక్కంతా కలవని చోటే వస్తుంది.

ముందు దూరం సంగతి. తిండి ఎన్ని మైళ్లు తిరిగొస్తే అంత చేటన్న వాదాన్ని 1990లలో బ్రిటన్‌లో ఆహార విధానాల ఆచార్యుడు టిమ్ లాంగ్ బాగా ప్రచారంలోకి తెచ్చాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ పరిశోధకులు జోసెఫ్ పూర్, థామస్ నెమెచెక్ 119 దేశాల్లోని దాదాపు 38,700 పొలాల లెక్కలు కూర్చి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, తిండి వల్ల పుట్టే, భూమిని వేడెక్కించే వాయువుల్లో రవాణా వాటా 6 శాతం దగ్గరే తేలింది. పెద్ద పద్దులు పొలంలోనూ, పశువుల దగ్గరా, అడవి నరికి సాగులోకి తెచ్చిన నేలలోనూ ఉన్నాయి.

చలిదేశంలో చలికాలపు టమాటానే చూడండి. ఊరి పక్కన అద్దాల షెడ్డులో కాసిందే, అంతకంటే దగ్గరిది దొరకదు. బయట మంచు, లోపల ఎండాకాలం. ఆ ఎండాకాలాన్ని గ్యాసు మండించి తెప్పిస్తారు. స్పెయిన్‌లో ఎండకు కాసి లారీలో వచ్చిన టమాటాకే మొత్తం మీద తక్కువ ఇంధనం పడుతుందని బ్రిటన్ ప్రభుత్వం 2005లో వేయించిన నివేదిక కూడా చెప్పింది. విమానమెక్కి వచ్చే కూరగాయల్ని మాత్రం నేను వెనకేసుకు రాను.

మరి దగ్గరిది కొనడం దండగా? కానే కాదు. దాని విలువ పొగ లెక్కలో లేదు, మనుషుల మధ్య ఉంది. జపాన్‌లో 1970లలో ఊపందుకున్న ‘తెయికెయ్’ ఒప్పందాల్లో కొన్ని కుటుంబాలు కలిసి నేరుగా రైతుతో మాట్లాడుకుంటాయి. పొలం ఏమిస్తే అదే తీసుకుంటాయి, వంకరదైనా, మట్టి అంటినదైనా. ధర ఇద్దరూ కూర్చుని తేల్చుకుంటారు. పంటకు పురుగుమందు కొట్టావా అని ముఖాముఖి అడగ్గలిగే ఆ వీలు ఏ సూపర్ మార్కెట్ అరలోనూ దొరకదు.

సంప్రదాయం విషయంలోనే నాకు అనుమానాలెక్కువ. పొగబెట్టిన ఈల్ (పాములా పొడవుగా ఉండే చేప) నెదర్లాండ్స్‌లో తరతరాల వంటకం. అక్కడివాళ్లకు అది స్థానికం, సంప్రదాయం రెండూ. కానీ యూరప్ ఈల్ ఇప్పుడు అంతరించిపోయే ముప్పు తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో ఉంది. తాతలు తిన్నారన్నది ఒక్కటే కారణమైతే, మనవలకు ఆ చేప మిగలదు.

అలాగని పాతదాన్ని కొట్టిపారేయలేం. విత్తనాన్ని శీతల గిడ్డంగిలో దాచొచ్చు. దాన్ని ఎప్పుడు చల్లాలో, ఎలా దంచి వండాలో ఎక్కడ దాస్తాం? ఆ వంగడాన్ని కొని తినేవాళ్లుంటేనే రైతు మళ్లీ విత్తుతాడు. స్థానిక తిండిని కాపాడాలనే స్లో ఫుడ్ ఉద్యమం వారు 1996లో మొదలుపెట్టిన ‘రుచుల నౌక’ జాబితా వెనక ఉన్న ఆలోచన ఇదే: మరుగున పడుతున్న పంటల్నీ పశుజాతుల్నీ పేరుపేరునా నమోదు చేసి మళ్లీ కంచంలోకి తేవడం.

అందుకే మూడూ ఒకచోట దొరకనప్పుడు నేను ముందు చూసేది ఎలా పండిందన్నది. ఆ తర్వాత, అది ఈ కాలపు పంటేనా అన్నది. ఈ రెండూ సరిపోతే, అప్పుడు దగ్గరిదానికే నా ఓటు. పాత వంగడమైతే నాలుగు డబ్బులు ఎక్కువైనా పెడతాను.

ఒక్క పేచీ మిగిలింది. సేంద్రియ ముద్రకయ్యే తనిఖీ ఖర్చు చిన్న రైతుకు మోయలేని భారం. ముద్ర లేనంత మాత్రాన సాగు చెడ్డదని కాదు. అలాంటి రైతుల కోసం చాలా దేశాల్లో రైతులూ కొనేవాళ్లూ కలిసి పొలాలు తిరిగి చూసి ఒకరికొకరు హామీ ఉండే పద్ధతులు నడుస్తున్నాయి. రైతు దగ్గర్లో ఉంటే ఆ తనిఖీకి మనమే వెళ్లొచ్చు.